పరాయి ఇంటి కొడుకులు

ఈ శీర్షికలో మేము సాధారణంగా ఇంటి సంగతులే ముచ్చటిస్తుంటాము. ఈ నెల కూడా సంగతి ఇంటిదే. కాకపోతే ఆ ఇల్లు చాలా దూరాన, ఏడాదిలో సగం రోజులు మంచు కప్పుకొని ఉండే నేల మీద ఉన్నది. కెనడా దేశంలో సస్కాచెవాన్ అనే రాష్ట్రం విస్తీర్ణంలో మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపినదానికి రెట్టింపు కన్నా పెద్దది. జనాభా మాత్రం 12 లక్షల పైచిలుకు. కనుచూపు మేర గోధుమ పొలాలు, కనోలా పొలాలు, వాటి నడుమ గీత గీసినట్టు సాగే రహదారులు. శీతకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 30 డిగ్రీలు దిగువకు పడిపోవడం అక్కడ వార్త కాదు. ఆ రాష్ట్రంలో హంబోల్ట్ అనే పట్టణం ఉన్నది. పట్టణమని పేరే గాని 2016 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం ఆరు వేలకు కొంచెం తక్కువ. మన వైపు చాలా మండల కేంద్రాలు దానికంటే పెద్దవి. ఆ చిన్న పట్టణానికి 1970 నుండి ఒక హాకీ జట్టు ఉన్నది. పేరు హంబోల్ట్ బ్రాంకోస్. అది ఏ ధనవంతుడి సొత్తూ కాదు, పట్టణ ప్రజలు తమలో తాము నడుపుకొనే జట్టు. 2003లోనూ 2008లోనూ కెనడాలోని తన స్థాయి జట్లన్నిటిలోకి ప్రథమ స్థానం సంపాదించింది. మేము చెప్పదలచినది ఆ జట్టు 2017-18లో ఆడిన సీజను గురించి, ఆ సీజనులో తమ బిడ్డలను ఆ పట్టణానికి అప్పగించిన తల్లిదండ్రుల గురించి.

హాకీ అనగానే మన పాఠకులకు ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం గుర్తుకు వస్తాయి. ఇది వేరు. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల మంచు పలక మీద, కాళ్ళకు ఉక్కు అంచుల స్కేట్లు కట్టుకొని ఆడే ఆట. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. దానిని పక్ అంటారు. జట్టుకు గోల్‌కీపరుతో కలిపి ఆరుగురు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఎంత దమ్ము తీసే ఆట అంటే, గోల్‌కీపరు తప్ప మిగిలినవారు నిమిషం తిరగకముందే బయటికి వచ్చి కూర్చుంటారు, వేరేవారు లోనికి దిగుతారు. ఒకరినొకరు భుజాలతో ఢీకొట్టుకోవడం నిబంధనలు అనుమతించిన సంగతే. రోహిణీ కార్తె ఎండలకు అలవాటు పడిన మనకు ఈ ఆట మీద అక్కడివారికి ఉన్న మమకారం అర్థం కావడం కష్టం. మన పల్లెల్లో పిల్లవాడు నడక నేర్చిన వెంటనే చేతికి ఏదో ఒక కర్ర తీసుకొని బంతిని కొట్టినట్టు, అక్కడ పిల్లవాడు గడ్డకట్టిన చెరువు మీద నిలబడటం నేర్చుకుంటాడు. అంతవరకే పోలిక.

ఆ దేశంలో పదహారు నుండి ఇరవై ఏళ్ళ వయసువారు ఆడే ఆటను జూనియర్ హాకీ అంటారు. ఇందులో పైమెట్టు మూడు పెద్ద లీగులది. అక్కడి నుండి కొందరు నేరుగా వృత్తి క్రీడాకారులవుతారు. మన పాఠకులకు సంతోషం కలిగించే మాట ఒకటి చెప్పాలి. ఒంటారియో రాష్ట్రంలోని లండన్ నగరానికి చెందిన నాజెమ్ కాద్రీ అనే లెబనాన్ మూలాల ముస్లిం యువకుడు ఆ పెద్ద జూనియర్ లీగులోనే, మొదట కిచెనర్ రేంజర్స్ జట్టుకూ తరువాత తన ఊరి జట్టు లండన్ నైట్స్‌కూ ఆడి పైకి వచ్చాడు. 2022లో కొలరాడో జట్టుతో అత్యున్నత బహుమతి స్టాన్లీ కప్పు గెలిచాడు. గెలిచినవారికి ఆ కప్పును ఒకరోజు తమ ఊరికి తీసుకువెళ్ళే ఆనవాయితీ ఉన్నది. అతడు దానిని తన ఊరి మస్జిద్‌కు తీసుకువచ్చాడు. పిల్లలు దాని చుట్టూ మూగారు.

అయితే కాద్రీలు ఎందరు? ప్రపంచం మొత్తం మీద ఆ అత్యున్నత లీగు ఏటా ఎంపిక చేసుకొనే కొత్తవారు 224 మంది. వారిలో కూడా చాలామంది ఆ మంచు మీద ఎన్నడూ కాలు మోపరు. హంబోల్ట్ జట్టు ఆడేది పైమెట్టు లీగులో కాదు, దానికి ఒక మెట్టు కిందనున్న సస్కాచెవాన్ జూనియర్ లీగులో. ఆ సంవత్సరం అందులో 12 జట్లు. ఈ మెట్టును తల్లిదండ్రులు ఎంచుకోవడానికి ఒక గట్టి కారణం ఉండేది. పైమెట్టు లీగులవారు ఆటగాళ్ళకు నెలనెలా కొంత భత్యం ఇస్తారు గనుక, అమెరికా కళాశాలల క్రీడాసంస్థ వారిని వృత్తి క్రీడాకారులుగా లెక్కగట్టి తమ పోటీల్లోకి రానిచ్చేది కాదు. 2025 వరకు అదే నియమం. కింది మెట్టున ఆడినవారికి ఆ తలుపు తెరిచి ఉండేది. కాబట్టి చాలామంది తండ్రులు లెక్క వేసుకొన్నది కప్పుల గురించి కాదు. ఆట పుణ్యమా అని పిల్లవాడికి కళాశాల ఫీజు తప్పుతుందా అని. ఈ లెక్క మన ఇళ్ళలో తెలియనిది కాదు.

ఆగస్టు చివరలో శిక్షణ శిబిరం మొదలవుతుంది. పక్క రాష్ట్రాల నుండి కూడా పిల్లలు వస్తారు. తండ్రి కారు వెనుక భాగంలో మనిషంత సంచి, అందులో స్కేట్లు, కవచాలు, శిరస్త్రాణం. తల్లి ముందు సీటులో కూర్చొని దారి పొడుగునా జాగ్రత్తలు చెబుతూ వస్తుంది. శిబిరంలో నిలబడ్డవారు ఆ ఊరిలోనే ఉండిపోతారు. ఎక్కడ ఉంటారు? ఆరు వేల జనం ఉన్న ఊరిలో హాస్టలు లేదు. పట్టణంలోని కుటుంబాలే తలా ఒకరినో ఇద్దరినో ఇంటికి తీసుకొనిపోతాయి. వీరిని బిలెట్ కుటుంబాలంటారు. సెప్టెంబరు నుండి మార్చి, ఏప్రిల్ వరకు ఆ పిల్లవాడు ఆ ఇంటి బిడ్డే. జట్టువారు ఆ కుటుంబానికి నెలకు కొంత సొమ్ము ఇస్తారు గాని, రోజూ రెండు మూడు గంటలు మంచు మీద ఒళ్ళు హూనం చేసుకొని వచ్చే పద్దెనిమిదేళ్ళవాడి ఆకలికి అది ఏ మూలకు? డబ్బు కోసం ఈ పని చేసేవారు ఉండరు.

మాకు ఈ ఏర్పాటు మీద ఆసక్తి పుట్టడానికి కారణం మా వృత్తి. ఊరూరి నుండి వచ్చిన పిల్లలను దగ్గర పెట్టుకొని చదువు చెప్పే పనిలో మా వయసు గడిచింది. రేకు పెట్టె, దాని అడుగున అమ్మ పెట్టిన పచ్చడి సీసా, మొదటి వారం రాత్రుళ్ళు దుప్పటి కింద వినిపించే వెక్కిళ్ళు, ఇవి మాకు కొత్తవి కావు. మదరసాలో ముప్పై మంది కలిసి ఏడుస్తారు గనుక వారం తిరిగేసరికి కలిసి నవ్వుతారు. కాని ఒంటరిగా పరాయి వంటింట్లోకి అడుగుపెట్టి, ఫ్రిజ్ తలుపు తెరవవచ్చునో తెరవకూడదో తెలియక నిలబడే పిల్లవాడి సంగతి వేరు. ఆ ఇంటి తల్లి చూపవలసిన నేర్పు కూడా వేరు. ఆమె అతడికి అన్నం పెట్టాలి, ఉతికిన బట్టలు చూడాలి, రాత్రి ఆలస్యమైతే అడగాలి. అయినా అతడి కన్నతల్లి స్థానంలోకి పోకూడదు. మన భాషలో దీనికి అమానత్ అనే మాట ఉన్నది. అప్పగించినదానిని వాడుకోకుండా, పాడుచేయకుండా, అడిగిననాడు తిరిగి ఇవ్వడం. అక్కడివారికి ఆ మాట తెలియదు గాని పని తెలుసు. ఎన్నో ఇళ్ళలో ఆ బంధం సీజనుతో తెగిపోదు. ఆ పిల్లవాడి పెళ్ళికి కన్నవారి పక్కన బిలెట్ తల్లిదండ్రులు కూడా కూర్చుంటారు.

ఆ సీజనులో లీగు మ్యాచ్‌లు 58. సగం సొంత ఊరిలో, సగం బయట. హైస్కూలు వయసువారు పగలు బడికి పోతారు. బడి ముగిసినవారు చిన్న ఉద్యోగాలు చేసుకొంటారు, లేదా కళాశాల పాఠాలు ఒకటీ రెండూ చదువుకొంటారు. మధ్యాహ్నాలు సాధన. మ్యాచ్ రోజున సూటు, టై వేసుకొని రావడం ఆచారం. ఊరి స్టేడియం పేరు ఎల్గర్ పీటర్సన్ ఎరీనా. ఆ పేరు కోటీశ్వరుడిదో మంత్రిదో కాదు, ఆ జట్టుకు ఏళ్ళ తరబడి ఉచితంగా సేవ చేసిన ఊరివాడిది. ఈ ఒక్క సంగతి ఆ ఊరి గురించి చాలా చెబుతుంది. అందులో పట్టేది సుమారు 1,800 మంది. అంటే ఊరిలో దాదాపు మూడోవంతు. టిక్కెట్లు చించేదీ, టీ కాచేదీ, మంచు శుభ్రం చేసేదీ ఊరివారే.

శిక్షకుడు డార్సీ హాగన్ 2015లో ఆ జట్టుకు వచ్చాడు. శిక్షణ ఒక్కటే కాదు, జట్టు యాజమాన్య బాధ్యత కూడా అతడిదే. ఆటగాళ్ళు పాటించవలసిన నియమాలను అతడు వ్రాసిపెట్టాడు. వాటిలో మొదటిది కుటుంబానికి పెద్దపీట వేయడం గురించి. గెలుపు గురించి కాదు. మంచి ఆటగాళ్ళ కంటే ముందు మంచి మనుషులను తయారుచేయాలని అతడు పట్టుపట్టేవాడని అతడిని ఎరిగినవారంతా చెప్పారు.

ఇక బస్సు. ఈ లీగు జీవితంలో సగం బస్సులోనే గడుస్తుంది. ఉత్తరాన మానిటోబా సరిహద్దులో ఫ్లిన్ ఫ్లాన్, దక్షిణాన అమెరికా సరిహద్దు దగ్గర ఎస్టెవాన్. ఈ రెండింటి మధ్య దూరమే ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు. సాయంత్రం ఆడి, రాత్రి బయలుదేరి, తెల్లవారుజామున ఊరు చేరి, ఎనిమిదింటికి బడికి పోయే పిల్లలు. బస్సులో పేకాట, సినిమాలు, నిద్ర, హోంవర్కు. చలికాలపు రాత్రి, గాలికి రోడ్డు మీదికి కొట్టుకువచ్చే పొడి మంచు. తల్లిదండ్రులు ఇళ్ళ దగ్గర ఫోను పక్కన పెట్టుకొని నిద్రపోతారు.

ఇంకొక సంగతి ఉన్నది. జనవరి 10. ఆ తేదీతో జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడికి గడువు ముగుస్తుంది. అంతవరకు ఏ రోజైనా శిక్షకుడు పిలిచి, నిన్ను ఫలానా ఊరి జట్టుకు ఇచ్చాము అని చెప్పవచ్చును. సెప్టెంబరు నుండి ఒక ఇంట్లో బిడ్డగా ఉన్నవాడు ఆ సాయంత్రమే సంచి సర్దుకొని మరొక పరాయి ఇంటికి పోవాలి. బడి మారాలి. పదిహేడేళ్ళ పిల్లలను ఇలా ఇచ్చిపుచ్చుకోవడం ఆటలో మామూలే అంటారు. మాకు మాత్రం అది మింగుడుపడలేదు. ఆట గురించి ఎంత మంచి చెప్పినా, ఈ ఒక్క పద్ధతిని చదువు సాగే వయసు పిల్లల విషయంలో సమర్థించే మాట మాకు దొరకలేదు.

ఇంటికి దూరంగా ఉన్న పిల్లవాడి భవిష్యత్తు మొత్తం ఒక్క పెద్దమనిషి చేతిలో ఉండటంలో మరొక ప్రమాదం ఉన్నది. దాని గురించి కూడా చెప్పకుండా దాటిపోవడం న్యాయం కాదు. అదే రాష్ట్రంలో స్విఫ్ట్ కరెంట్ అనే ఊరి జట్టు బస్సు 1986 డిసెంబరు 30న ప్రమాదానికి గురై నలుగురు ఆటగాళ్ళు మరణించారు. ఆ జట్టే 1989లో దేశ స్థాయి కప్పు గెలిచింది. ఆ శిక్షకుడిని దేశం మెచ్చుకొంది. తరువాత ఆ జట్టులో ఆడిన షెల్డన్ కెనడీ, తాను పిల్లవాడుగా ఉన్నప్పుడు ఆ శిక్షకుడే ఏళ్ళ తరబడి తనపై లైంగిక అత్యాచారం చేశాడని బహిరంగంగా చెప్పాడు. 1997లో శిక్షకుడు నేరం ఒప్పుకొని జైలుకు పోయాడు. కెనడీ ఎందుకు అంతకాలం నోరు విప్పలేదని అడిగినవారు ఉన్నారు. జట్టులో చోటు, చదువు, రేపటి బ్రతుకు ఆ మనిషి దయ మీద ఆధారపడి ఉండగా, నూర్ల మైళ్ళ దూరాన ఉన్న తల్లిదండ్రులకు అతడే గొప్ప ఉపకారిగా కనిపిస్తుండగా, పిల్లవాడు ఎవరికి చెప్పుకొంటాడు? హాస్టళ్ళు నడిపేవారికీ, హాస్టళ్ళలో బిడ్డలను వేసినవారికీ ఈ ప్రశ్న తప్పదు. మా వృత్తివారు దీనిని తమకు సంబంధించినది కాదనుకొంటే అది ఆత్మవంచన. కెనడీ తరువాతి కాలంలో శిక్షకులకూ తల్లిదండ్రులకూ ఈ విషయంలో శిక్షణ ఇచ్చే పని చేపట్టాడు. బిలెట్ ఇంటి ఉపయోగం ఇక్కడే మాకు ఎక్కువగా కనిపించింది. జట్టుతో సంబంధం లేని మరొక పెద్ద మనసు రోజూ పిల్లవాడి ముఖం చూస్తూ ఉండటం చిన్న కాపలా కాదు.

మళ్ళీ హంబోల్ట్‌కు వద్దాము. 2018 మార్చిలో లీగు మ్యాచ్‌లు ముగిసి నాకౌట్ పోటీలు వచ్చాయి. ఏడు మ్యాచ్‌లలో నాలుగు ముందుగా గెలిచినవారు పైకి పోతారు. పోటీల కోసం పిల్లలు జుట్టుకు పసుపు రంగు వేసుకొన్నారు. అందరిదీ ఒకే రంగు, ఒకే సరదా. సెమీఫైనల్లో ఎదురు నిలిచినది నిపావిన్ ఊరి జట్టు. నాలుగు మ్యాచ్‌లు అయ్యేసరికి నిపావిన్ 3-1 ఆధిక్యంలో ఉన్నది. అయిదోది ఏప్రిల్ 6, శుక్రవారం, నిపావిన్‌లో. ఓడితే సీజను ముగిసినట్టే. రెగీనా నగరంలో చిన్నవారి లీగు ముగించుకొని వచ్చిన ఒక పదహారేళ్ళవాడు కూడా ఈ పోటీల కోసం జట్టులో చేరాడు.

మధ్యాహ్నం బస్సు బయలుదేరింది. సుమారు రెండు గంటల ప్రయాణం. బస్సులో 29 మంది. టిస్‌డేల్ దాటి 35వ నంబరు రహదారి మీద ఉత్తరంగా పోతుండగా, సాయంత్రం ఐదు గంటల వేళ, అడ్డంగా వచ్చే 335వ నంబరు రోడ్డు మీద నుండి బరువు లారీ ఒకటి ఆగవలసిన చోట ఆగకుండా కూడలిలోకి వచ్చింది. పట్టపగలు, వర్షం లేదు, మంచు కురవలేదు. పదిమంది ఆటగాళ్ళు, శిక్షకుడు హాగన్, అతడి సహాయకుడు, బస్సు డ్రైవరు, జట్టు వైద్య సహాయకురాలు, రేడియోలో వ్యాఖ్యానం చెప్పే యువకుడు, అంకెలు రాసుకొనే పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు, మొత్తం 16 మంది మరణించారు. 13 మంది గాయాలతో మిగిలారు. రెగీనా నుండి వచ్చిన పదహారేళ్ళవాడు మరణించినవారిలో ఉన్నాడు.

నిపావిన్‌లో జనం స్టేడియానికి వచ్చి కూర్చొని ఉన్నారు. పిల్లల ఆట చూడటానికి సొంత కార్లలో అదే దారిన బయలుదేరిన తల్లిదండ్రులు కొందరు ఆ కూడలి దగ్గర ఆగిపోయారు. దీని గురించి మేము ఇంతకు మించి వ్రాయబోము.

మరొకటి మాత్రం వ్రాయక తప్పదు. మూడు రోజుల తరువాత అధికారులు ఒక పొరపాటును ప్రకటించారు. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ పద్దెనిమిదేళ్ళు, ఒకే పోలిక శరీరాలు, ఒకే పసుపు రంగు జుట్టు. మరణించాడని చెప్పిన పిల్లవాడు ఆసుపత్రిలో బ్రతికి ఉన్నాడు. బ్రతికి ఉన్నాడని చెప్పిన పిల్లవాడు మరణించాడు. ఒక ఇంట్లో మూడు రోజులు ఏడ్చినవారికి బిడ్డ తిరిగి దొరికాడు. గాయపడిన బిడ్డ మంచం పక్కన మూడు రోజులు ఆశతో కూర్చొన్న మరొక తల్లిదండ్రులు ఇక లేవవలసి వచ్చింది. సంతోషించిన ఇంటివారు కూడా ఆ సంతోషాన్ని బయట చెప్పుకోలేకపోయారు. పక్కింటి గుండె ఎక్కడ పగిలిందో వారికి తెలుసు గనుక.

ఆ వారంలో కెనడా అంతటా ప్రజలు తమ ఇంటి ముంగిట ఒక హాకీ కర్రను నిలబెట్టారు. పిల్లలు తిరిగి వస్తే తీసుకొంటారన్నట్టు. కొందరు రాత్రిపూట దాని పక్కన దీపం కూడా ఉంచారు. ఆ పట్టణవాసురాలు ఒకరు అంతర్జాలంలో మొదలుపెట్టిన విరాళాల సేకరణకు రెండు వారాలు తిరగకముందే కోటీ యాభై లక్షల కెనడా డాలర్లకు పైగా వచ్చి పడ్డాయి. అంత డబ్బు వచ్చాక దానిని పంచడం మరొక పరీక్ష. సలహా సంఘం వేశారు, న్యాయస్థానం అనుమతి తీసుకొన్నారు. మరణించిన ఒక్కొక్కరి కుటుంబానికి 5,25,000 డాలర్లు, గాయపడిన ఒక్కొక్కరికి 4,75,000 డాలర్లు అని నవంబరులో తేలింది. మరణానికీ, జీవితాంతం చక్రాల కుర్చీకీ మధ్య తేడా 50,000 అని లెక్కకట్టవలసి రావడం ఎంత కష్టమైన పనో, వారసత్వపు పంపకాలలో కూర్చొన్నవారికి మేము చెప్పనక్కరలేదు.

లోగన్ బూలే అనే ఆటగాడికి ఆ నెల ముందే 21 ఏళ్ళు నిండాయి. తన పాత శిక్షకుడు ఒకరు మరణానంతరం అవయవదానం చేసి ఆరుగురికి ఉపకరించాడని విని, తానూ అలాగే నమోదు చేసుకొంటానని తండ్రితో చెప్పి, పుట్టినరోజు నాడు ఆ పని చేశాడు. ప్రమాదం తరువాత అతడి అవయవాలు కూడా ఆరుగురికి చేరాయి. ఈ సంగతి తెలిసిన కొద్ది నెలలలో లక్షకు పైగా కెనడా పౌరులు దాతలుగా పేర్లు నమోదు చేయించుకొన్నారు. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 7న ఆకుపచ్చ చొక్కాలు వేసుకొని ఆ పిల్లవాడిని తలచుకొంటారు.

లారీ నడిపినది 29 ఏళ్ళ యువకుడు, మన దేశం నుండి వలస వెళ్ళిన పంజాబీ. రెండు వారాల శిక్షణ తరువాత ఒంటరిగా ఆ బండి నడపడం మొదలుపెట్టి ఎక్కువ రోజులు కాలేదు. వెనుక సరుకు మీద కప్పిన పట్టా గాలికి ఎగిరిపడుతుంటే, అద్దంలో దానివైపే చూస్తూ, కూడలి గురించి హెచ్చరించే బోర్డులు నాలుగు దాటిపోయాడు. 2019 జనవరిలో న్యాయస్థానం ముందు నిలబడి 29 అభియోగాలనూ ఒప్పుకొన్నాడు. వాదన వద్దన్నాడు, కుటుంబాలను మళ్ళీ బాధపెట్టదలచలేదన్నాడు. మార్చిలో ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. లారీ యజమానికి, రికార్డులు సరిగా ఉంచనందుకు, 5,000 డాలర్ల జరిమానా. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మాకు నిద్రపట్టదు.

శిక్షకు ముందు రోజుల తరబడి కుటుంబాలవారు ఒక్కొక్కరుగా లేచి తమ గోడు చెప్పుకొన్నారు. డార్సీ హాగన్ భార్య అతడిని క్షమించానని చెప్పింది. తన పద్దెనిమిదేళ్ళ కొడుకును పోగొట్టుకొన్న ఒక తండ్రి అతడిని విడిగా కలిసి, కౌగిలించుకొని ఏడ్చాడు. తరువాత అతడిని దేశం నుండి పంపివేయవద్దని కూడా అడిగాడు. మరికొందరు క్షమించలేమన్నారు, ఎన్నటికీ సాధ్యం కాదన్నారు. ఆ రెండో మాట అన్నవారిని నిందించే హక్కు ఎవరికీ లేదు. హతుని వారసులకు న్యాయం కోరే హక్కునూ, క్షమించే హక్కునూ రెండింటినీ వారి చేతిలోనే ఉంచిన ధర్మం మనది. క్షమను మెచ్చుకొన్నది గాని బలవంతం చేయలేదు. పక్కన కూర్చొని ఓదార్చేవారు పెద్దమనసు చేసుకో అని తొందరపెట్టడం మన ఇళ్ళలోనూ చూస్తుంటాము. 2024 మేలో అతడిని దేశం నుండి పంపివేయాలని ఆదేశం వెలువడింది. కుటుంబాలలో ఆ ఆదేశం మీద కూడా ఏకాభిప్రాయం లేదు.

చట్టాలు కొన్ని మారాయి. బరువు లారీలు నడపబోయేవారికి నిర్ణీత గంటల శిక్షణ తప్పనిసరి అంటూ ఆల్బర్టా, సస్కాచెవాన్ రాష్ట్రాలు 2019 మార్చి నుండి, మానిటోబా అదే సంవత్సరం సెప్టెంబరు నుండి నిబంధన పెట్టాయి. 2020 సెప్టెంబరు 1 తరువాత కెనడాలో తయారయ్యే పెద్ద బస్సులన్నిటికీ సీటు బెల్టులు ఉండి తీరాలి. బెల్టు ఉండటం వేరు, పెట్టుకోవడం వేరు అని అక్కడివారే అంటున్నారు. రాత్రి బస్సుల్లో విజయవాడకో హైదరాబాదుకో పిల్లలను కాలేజీలకు పంపే మన తల్లిదండ్రులు బస్సులో ఆ పట్టీని ఎప్పుడైనా వెతికి చూశారా అని అడగాలనిపిస్తుంది.

మిగిలిన 13 మందిలో కొందరు కళాశాలలకు పోయారు, కొందరు ఆట పూర్తిగా మానేశారు. గోల్‌కీపర్లలో ఒకడు నడుము కింది భాగం స్పర్శ కోల్పోయాడు. అతడు పడవ తొక్కడం నేర్చి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో తన దేశం తరఫున పోటీ చేశాడు. అందరి కథలూ అలా సాగలేదు, సాగనవసరమూ లేదు.

ఆ సీజనులో మిగిలిన మ్యాచ్‌లను హంబోల్ట్ ఆడలేదు. కొన్ని రోజులు ఆగిన తరువాత లీగు ఫైనల్ జరిగింది, నిపావిన్ గెలిచింది. వేసవి అంతా హంబోల్ట్‌లో ఒకటే ప్రశ్న, మళ్ళీ జట్టును నిలబెట్టాలా వద్దా అని. శిక్షకుడు లేడు, సహాయకుడు లేడు, పిల్లలు లేరు. చివరకు కొత్త శిక్షకుడు వచ్చాడు, ఆగస్టులో మళ్ళీ శిబిరం పెట్టారు. తండ్రులు మళ్ళీ కార్ల వెనుక సంచులు పెట్టుకొని వచ్చారు. బిలెట్ ఇళ్ళు కావాలని మళ్ళీ అడగవలసి వచ్చింది. ఒక గది ఖాళీ అయిన ఇంట్లో ఆ గదిని మళ్ళీ మరొక పిల్లవాడికి ఇవ్వడం గురించి భార్యాభర్తలు ఏమేమి మాట్లాడుకొని ఉంటారో మేము ఊహించుకోవడానికి కూడా వెనుకాడాము.

2018 సెప్టెంబరు 12న కొత్త సీజను మొదటి మ్యాచ్ హంబోల్ట్‌లోనే జరిగింది. ఎదుటి జట్టు నిపావిన్. ప్రమాదంలో బ్రతికినవారిలో ఇద్దరు ఆ రాత్రి మళ్ళీ అదే చొక్కా వేసుకొని మంచు మీదికి దిగారు. స్టేడియం నిండిపోయింది. నిపావిన్ 2-1 తేడాతో గెలిచింది. ఇంకా 57 మ్యాచ్‌లు మిగిలి ఉన్నాయి, వాటిలో సగానికి బస్సు ఎక్కాలి.